చుక్కలు చూడ్డానికి ఏ ఎడారి మంచిది?

పౌర్ణమి రాత్రి కచ్ రణ్ చూసి వెళ్లమని గుజరాత్ పర్యాటకం వాళ్లు ఏటా చలికాలంలో దేశమంతా ఊరిస్తుంటారు. తెల్లటి ఉప్పు నేల మీద వెన్నెల చూడాల్సిందే, కాదనను. పాలపుంత కోసం ఆ రాత్రే అక్కడికి చేరినవాడు మాత్రం డబ్బు దండగ చేసుకున్నట్టే. నిండు చంద్రుడున్న రాత్రి ఎంత మారుమూల ఎడారైనా చుక్కల లెక్కలో పట్నం శివారుతో సమానం. ఎడారికి వెళ్తే చుక్కలు వాటంతటవే కనిపిస్తాయనుకోవడం ఇప్పుడు పర్యాటకులకూ, వాళ్లకు గుడారాలు అద్దెకిచ్చేవాళ్లకూ కూడా అలవాటైపోయింది. అందులో నిజం సగమే. పొడిగాలినీ మబ్బులేని ఆకాశాన్నీ ఎడారి ఇస్తుంది. చీకటి మాత్రం ఇవాళ భూమ్మీద దాదాపు ఎక్కడా ఊరికే దొరకడం లేదు. ఎవరో ఒకరు పట్టుబట్టి నిలబెడితేనే ఉంటోంది. ఏ ఎడారి పార్కు మంచిదన్న ప్రశ్నకు జవాబు చివరికి అక్కడే తేలుతుందని నా అభిప్రాయం.

ముందు ప్రకృతి ఇచ్చేదేమిటో చూద్దాం. చిలీలోని అటకామా ఎడారిని ఖగోళ శాస్త్రజ్ఞులు నెత్తిన పెట్టుకోవడానికి మూడు కారణాలు ఒకేచోట కలిశాయి. పడమట పసిఫిక్ తీరం వెంబడి హంబోల్ట్ చల్లటి ప్రవాహం పారుతుంది కాబట్టి సముద్రం మీది గాలి పైకి లేచి వాన మేఘం కాలేదు. తూర్పున ఆండీస్ పర్వతాలు అమెజాన్ వైపు తేమను అడ్డగిస్తాయి. పైనుంచి ఉపోష్ణ మండలపు అధిక పీడనం గాలిని కిందికి అదిమిపెడుతుంది. తీరంలో పుట్టే మబ్బు తక్కువ ఎత్తులోనే ఆగిపోతుంది. 2,635 మీటర్ల ఎత్తున ఉన్న పరనాల్ వేధశాల ఆ మబ్బుల పైన తేలుతుంది. అక్కడ ఏడాదిలో 300కు పైగా రాత్రులు నిర్మలంగా ఉంటాయి. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ పొడిబారడానికి సియెర్రా నెవాడా, దాని వెనకాల వరసకట్టిన కొండలు కారణం. లదాఖ్‌లోని హాన్లేకి హిమాలయాలు అదే పని చేసిపెడుతున్నాయి. మూడూ వానచాటు ఎడారులే.

తేమ తక్కువైతే చుక్క వెలుతురు దారిలో తక్కువగా తరుగుతుంది, రాత్రంతా ఆరుబయట పెట్టినా కటకాల మీద మంచు పట్టదు. అయితే ఇక్కడొక మెలిక ఉంది. గాలి శుభ్రంగా ఉండటం వేరు, నిలకడగా ఉండటం వేరు. పగలంతా కాలిన ఇసుక రాత్రి కాగానే గబగబా చల్లారుతుంది. నేల మీద వేడిగాలి, చల్లగాలి కలబడి చుక్కలు మిలమిలలాడతాయి. కవులకది ముచ్చటే, టెలిస్కోప్‌కి మాత్రం ముప్పు. శనిగ్రహం వలయాలో, గురుడి మీది పట్టీలో చూద్దామని పెద్ద టెలిస్కోప్ మోసుకెళ్లినవాళ్లకు ఎడారి నేల మొదటి జాముల్లో నిరాశే మిగులుస్తుంది. అర్ధరాత్రి దాటాక నయమవుతుంది. పరనాల్ లాంటి చోట సముద్రం మీదుగా గాలి అలజడి లేకుండా సాఫీగా వచ్చి కొండను తాకుతుంది కాబట్టి ఆ బాధ తక్కువ. ఉత్తకంటితో, బైనాక్యులర్స్‌తో పాలపుంత చూసేవాడికి ఈ నిలకడ గొడవతో పెద్దగా పనిలేదు. కాబట్టి ఏ పార్కు మంచిదని అడిగేవాళ్లు ముందు తామేం చూడబోతున్నారో తేల్చుకోవాలి.

ఇక దుమ్ము. ఎడారికి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. థార్‌లో మే, జూన్ నెలల్లో రేగే ఆంధీ గాలిదుమారాలు ఆకాశాన్ని రోజుల తరబడి మట్టిరంగు చేసి వదులుతాయి. సహారా దుమ్ము అట్లాంటిక్ మీదికి ఎగిరొచ్చి కెనరీ దీవుల వేధశాలలను కూడా మూయిస్తుంది. గల్ఫ్‌లో షమాల్ గాలి సంగతి అక్కడ పనిచేసే మనవాళ్లెవరిని అడిగినా చెబుతారు. దుమ్ము రెండు విధాల చెరుపు చేస్తుంది. చుక్కల వెలుతురును తగ్గిస్తుంది, దూరపు ఊళ్ల వెలుతురును చెదరగొట్టి ఆకాశమంతా పులుముతుంది. అందుకే ఎడారిలో అన్నిటికన్నా మంచి రాత్రి చలికాలపు చిన్న వాన వెలిసిన తర్వాతి రాత్రి.

డెత్ వ్యాలీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎడారి పార్కుల మంచీచెడూ రెండూ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. 34 లక్షల ఎకరాల ఈ పార్కును 2013లో అంతర్జాతీయ చీకటి ఆకాశ పార్కుగా గుర్తించినప్పుడు అలాంటి పార్కుల్లో అదే అతి పెద్దది. ఏడాదికి పడే వాన రెండంగుళాల చిల్లర. జనం నివసించే చోట్లు రెండు మూడే. రాత్రంతా గేటు వేయరు. ఇన్ని అనుకూలతలున్నా చిక్కులున్నాయి.

అక్కడి బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 86 మీటర్లు కిందుంటుంది. అంటే చుక్క వెలుతురు మామూలు తీరప్రాంతం కన్నా మందమైన గాలి పొరను దాటి రావాలి, పైగా ఆ లోయ దుమ్ము తేలుతూ ఉండే లోయ. పైన డాంటేస్ వ్యూ అనే కొండకొమ్ము 1,669 మీటర్ల ఎత్తున ఉంది, గాలి శుభ్రంగా ఉంటుంది. అయితే అక్కడికెక్కితే తూర్పున లాస్ వేగస్ వెలుగు గుమ్మటం ఎదురుగా నిలబడుతుంది. నగరం సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నా అంతే. కింద బ్యాడ్‌వాటర్‌లో నిలబడితే తూర్పునున్న నల్లకొండలు ఆ గుమ్మటం అడుగుభాగాన్ని దాచేస్తాయి. పైకెళ్తే మంచి గాలి, చెడ్డ వెలుతురు. కిందికొస్తే చెడ్డ గాలి, మంచి చాటు. ఒకే పార్కులో రెండు చోట్ల ఎంపిక ఇంత తకరారుగా ఉంటే, ‘డెత్ వ్యాలీ మంచిదా’ అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పే యాప్‌లను నేను నమ్మను. మెస్కీట్ ఫ్లాట్ ఇసుక తిన్నెలు, ఉత్తరాన ఉబెహెబె అగ్నిపర్వత బిలం లాస్ వేగస్‌కు ఇంకా దూరం కాబట్టి నా మొగ్గు అటువైపే.

రెండో చిక్కు ఎండ. మన పాలపుంత నడిబొడ్డు ధనుస్సు రాశి దిక్కున ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో అది సాయంత్రం నుంచే బాగా కనిపించేది జూన్ నుంచి ఆగస్టు దాకా. 1913 జులైలో 56.7 డిగ్రీల సెల్సియస్ నమోదైంది ఈ లోయలోనే. ఆ అంకె మీద వాతావరణ శాస్త్రజ్ఞులకు సందేహాలున్నాయనుకోండి, ఈ కాలంలో కూడా జులై రాత్రి అక్కడ 38 డిగ్రీలు ఉండటం వింత కాదు. పాలపుంత బాగున్నప్పుడు మనిషి ఉండలేడు, మనిషి ఉండగలిగినప్పుడు పాలపుంత నడిబొడ్డు ఉండదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున లేవగలిగినవారికీ, అక్టోబరులో చీకటిపడగానే నైరుతి వైపు చూసేవారికీ రెండూ దక్కుతాయి. చలికాలంలో వెళ్తే మృగశిర, ఆర్ద్ర, పిల్లలకోడి ఎలాగూ ఉంటాయి, అవేమీ తక్కువ కావు.

లాస్ వేగస్ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఒక నగరం ఎంత దూరం పాడుచేస్తుందన్నదే ఈ మొత్తం వ్యవహారంలో కీలకం. మెర్ల్ వాకర్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు 1970ల్లో కాలిఫోర్నియా ఊళ్ల మీద కొలతలు తీసి ఒక లెక్క కట్టాడు. ఊరి వెలుగు జనాభాతో పాటు పెరుగుతుంది, దూరం రెట్టింపైతే ఐదారు రెట్లు తగ్గుతుంది. ఈ లెక్కన 23 లక్షల జనాభా ఉన్న నగరం 150 కిలోమీటర్ల దూరం నుంచి ఎంత చెడగొడుతుందో, 10 వేల జనాభా ఉన్న చిన్న ఊరు 20 కిలోమీటర్ల దూరం నుంచి అందులో మూడింట రెండొంతులు చెడగొట్టగలదు. వంద కిలోమీటర్లు దాటాక భూమి వంపు వల్ల నగరపు వెలుగు ఇంకా వేగంగా పడిపోతుంది, పైగా తలసరి లైట్లలో లాస్ వేగస్‌కు సాటి వచ్చే ఊళ్లు అరుదు. కాబట్టి దీన్ని అందాజు లెక్కగానే తీసుకోవాలి. అయినా విషయం బోధపడుతుంది. పక్క ఊరి పెట్రోలు బంకు, పార్కు లోపలి హోటలు, పార్కింగ్ స్థలంలో రాత్రంతా వెలిగే నాలుగు దీపాలు దూరపు మహానగరంతో పోటీపడగలవు. వాటిని మార్చడం మాత్రం మహానగరాన్ని మార్చడం కన్నా చాలా సులువు. చీకటి పార్కుల కథంతా ఈ సులువు మీదే నడిచింది.

ఆ కథ అరిజోనాలో మొదలైంది. ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణం 1958లోనే ప్రకటనల సెర్చిలైట్లను నిషేధిస్తూ చట్టం చేసింది. ఊళ్లో వేధశాల ఉండటమే అందుకు కారణం. 1988లో టూసాన్‌లో డేవిడ్ క్రాఫర్డ్, టిమ్ హంటర్ కలిసి అంతర్జాతీయ డార్క్ స్కై సంఘాన్ని పెట్టారు. ఇప్పుడు దాని పేరు డార్క్‌స్కై ఇంటర్నేషనల్. 2001లో ఫ్లాగ్‌స్టాఫ్‌కు మొదటి చీకటి ఆకాశ నగరమని, 2007లో యూటాలోని నేచురల్ బ్రిడ్జెస్‌కు మొదటి చీకటి ఆకాశ పార్కని గుర్తింపునిచ్చింది ఈ సంఘమే. ఇవాళ ఎడారి పార్కులు బోర్డు పెట్టుకునే గుర్తింపు ఇదే. ఈ ముద్ర దేనికి హామీ ఇస్తుందో, దేనికి ఇవ్వదో తెలుసుకోవడం మంచిది. దీపాలకు పైకప్పు ఉందా, వెలుతురు నేల మీదికే పడుతోందా, నీలికాంతి తక్కువ ఉన్న పసుపు దీపాలు వాడుతున్నారా, ఆకాశాన్ని ఏటేటా కొలుస్తున్నారా, వచ్చినవాళ్లకు చూపించి చెబుతున్నారా అన్నవి అది చూస్తుంది. గాలి నిలకడగా ఉంటుందనో, మీరు వెళ్లిన రోజు దుమ్ము లేవదనో అది హామీ ఇవ్వదు. జాషువా ట్రీ పార్కుకు 2017లో ఈ ముద్ర పడింది. అయినా దాని పడమర, దక్షిణ దిక్కుల్లో పామ్ స్ప్రింగ్స్ వైపు లోయ వెలుగు స్పష్టంగా తెలుస్తుంది. అక్కడికి వెళ్లేవాళ్లు తూర్పు కొసకు వెళ్లాలి.

నీలికాంతి మాట ఎందుకంటే, పగటి ఆకాశం నీలంగా ఉండటానికి ఏది కారణమో, ఊరి వెలుగు దూరదూరాల ఆకాశాన్ని పాడుచేయడానికీ అదే కారణం. నీలికాంతి గాలిలో ఎక్కువగా చెదురుతుంది. తెల్లటి ఎల్ఈడీ దీపాలు కరెంటు బిల్లు తగ్గించి ఆకాశాన్ని తెల్లబరిచాయి. 2011 నుంచి 2022 దాకా ప్రపంచవ్యాప్తంగా మామూలు జనం ఉత్తకంటితో చూసి పంపిన 50 వేలకు పైగా పరిశీలనలను క్రిస్టఫర్ కైబా బృందం పరీక్షించింది. ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున తెల్లబడుతోందని 2023లో ప్రకటించింది. అంటే ఎనిమిదేళ్లు తిరక్కుండానే రెట్టింపు. అంతకుముందు 2016లో ఫాబియో ఫాల్కి బృందం వేసిన పటం ప్రకారం మనుషుల్లో మూడో వంతుకు తామున్న చోటినుంచి పాలపుంత కనిపించదు. ఉత్తర అమెరికాలోనైతే పదిమందిలో దాదాపు ఎనిమిదిమందికి.

ఇదంతా చదివి చేతులెత్తేయనక్కర్లేదు. టూసాన్ నగరం 2016, 2017ల్లో వేల వీధిదీపాలను మార్చి, కావాల్సినంతకే వెలిగేలా చేసింది. కొలిచి చూస్తే ఆకాశం మీద వెలుగు సుమారు 7 శాతం తగ్గింది. తర్వాత జరిగిన ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది. అర్ధరాత్రి దాటాక ఆ నగరం మీద ఉపగ్రహానికి కనిపించే వెలుతురులో వీధిదీపాల వాటా 13 శాతమే. మిగిలినదంతా దుకాణాల బోర్డులు, పార్కింగ్ స్థలాలు, ఆటస్థలాలు, ఇళ్లు. మున్సిపాలిటీని తిట్టి ఊరుకుంటే సరిపోదన్నమాట.

నన్నడిగితే అమెరికా ఎడారుల్లో మొదటి స్థానం టెక్సస్‌లోని బిగ్ బెండ్‌ది. అలస్కా, హవాయి మినహా మిగతా దేశంలోని జాతీయ పార్కుల్లో కాంతి కాలుష్యం అన్నిటికన్నా తక్కువ అక్కడేనని పార్కు సేవల విభాగం చెబుతుంది. నాకు నచ్చింది మాత్రం ఆ కొలత కన్నా దాని చుట్టూ జరిగిన పని. ఆ ప్రాంతానికి ఉత్తరాన పెర్మియన్ బేసిన్ చమురు క్షేత్రాలున్నాయి. గ్యాసు మంటలు, బావుల దగ్గర వెలిగే ఫ్లడ్‌లైట్లు ఆ ప్రాంతంలోని మెక్‌డొనాల్డ్ వేధశాల ఆకాశాన్ని తినేయడం మొదలుపెట్టాయి. వేధశాలలో పనిచేసే బిల్ రెన్ చమురు కంపెనీల దగ్గరికి వెళ్లి, దీపాలను కిందికి వంచి కప్పు పెడితే కార్మికుల కళ్లలో వెలుతురు గుచ్చుకోదని, పని భద్రంగా సాగుతుందని చూపించాడు. చుక్కల కోసం వినని కంపెనీలు ఈ మాట విన్నాయి. 2022లో సరిహద్దుకు అవతల ఉన్న మెక్సికో నేలతో కలిపి 15 వేల చదరపు మైళ్లకు పైగా ప్రాంతాన్ని చీకటి ఆకాశ రిజర్వుగా ప్రకటించారు. పార్కు కంచెలోపల దీపాలు ఆర్పితే చాలదని, చుట్టుపక్కల ఊళ్లను కలుపుకోవాలని అర్థమైన చోట ఫలితం ఇలా ఉంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మళ్లీ అటకామాయే. పరనాల్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో భారీ హరిత హైడ్రోజన్ సముదాయం కడతామని ఏఈఎస్ ఆండీస్ కంపెనీ 2024 చివర్లో దరఖాస్తు పెట్టింది. దానివల్ల తమ పెద్ద టెలిస్కోపుల పైన కాంతి కాలుష్యం కనీసం 35 శాతం పెరుగుతుందని యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ 2025లో లెక్కగట్టింది. ప్రపంచం నలుమూలల నుంచీ శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. ఎండ, గాలి, ఖాళీ నేల ఎక్కడ పుష్కలంగా ఉంటాయో అక్కడికే చుక్కలు చూసేవాళ్లూ వెళ్తారు, విద్యుత్ కంపెనీలూ వెళ్తాయి. మన థార్‌లో సౌర, పవన విద్యుత్ కేంద్రాలు పెరుగుతున్న తీరు చూస్తే ఈ తగువు మనకూ తప్పదు. సోలార్ పలకలు రాత్రి వెలగవు, వాటికి పెట్టిన కాపలా దీపాలు వెలుగుతాయి.

థార్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. జైసల్మేర్ దగ్గరి ఎడారి జాతీయ పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు. వాన తక్కువ, జనం తక్కువ, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం బాగుంటుంది. కాగితం మీద దీన్ని మించినది లేదు. అయితే సమ్ ఇసుకతిన్నెల చుట్టూ మొలిచిన గుడారాల రిసార్టుల్లో రాత్రి పదకొండు దాకా డీజే మోత, స్టేజీ మీద రంగుదీపాలు. జనం చుక్కలు చూద్దామనే వస్తారు, యజమానులు వాళ్లకు లేజర్ షో చూపించి పంపుతారు. దీనికితోడు భారత్, పాకిస్తాన్ సరిహద్దు కంచె పొడవునా వెలిగే ఫ్లడ్‌లైట్లు. 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఫొటోలో ఆ సరిహద్దు నారింజ రంగు గీతలా కనిపించింది. దేశ రక్షణకు అవసరమైన దీపాలను ఆర్పమని ఎవరూ అనరు. ఇటు కచ్‌కు ఉత్తరాన, అటు జైసల్మేర్‌కు పడమటి దిక్కున ఆ వెలుగు ఉంటుందని తెలిసి వెళ్లాలి, అంతే. ఇంకొకటి, మన దేశంలో వన్యప్రాణి ప్రాంతాలు చాలావరకు పొద్దుగూకగానే మూసేస్తారు. జంతువుల క్షేమం కోసం అది న్యాయమే. చీకటి లోపల, మనుషులు బయట ఉంటే చుక్కల పార్కు కుదరదు. 2024లో మన దేశపు మొదటి చీకటి ఆకాశ పార్కుగా గుర్తింపు పొందిన మహారాష్ట్ర పెంచ్ పులుల అభయారణ్యం వాళ్లు రాత్రి ఆకాశం చూడ్డానికి వేరే చోటు ఏర్పాటు చేసి ఈ చిక్కు విప్పారు. అది ఎడారి కాదు, దట్టమైన అడవి. ఎడారిలో ఉన్నవాళ్లకు రాని ఆలోచన అడవిలో ఉన్నవాళ్లకు రావడం చిత్రం.

హాన్లే సంగతి వేరు. తూర్పు లదాఖ్‌లో, చాంగ్‌థాంగ్ అభయారణ్యం లోపల, చల్లటి ఎడారి అది. అక్కడి కొండ మీద 4,500 మీటర్ల ఎత్తున భారత ఖగోళ భౌతిక సంస్థ వేధశాల ఉంది. రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు పక్కన హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడిపిస్తారు. ఏడాదిలో సుమారు 260 రాత్రులు పరిశీలనకు పనికొస్తాయి. 2022లో వేధశాల చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను చీకటి ఆకాశ రిజర్వుగా ప్రకటించారు. అసలు విశేషం ఆ తర్వాత చేసిన పని. చుట్టూ ఉన్న పల్లెల నుంచి ఆడామగా కలిపి 24 మందికి ఆకాశం గురించి తర్ఫీదు ఇచ్చి, తలా ఒక టెలిస్కోప్ చేతికిచ్చారు. ఇళ్లకు మందపాటి తెరలు, దీపాలకు కప్పులు వచ్చాయి. రాత్రి బండ్లు హెడ్‌లైట్లు దించి నడవాలన్న పద్ధతి వచ్చింది. వచ్చిన యాత్రికులు ఆ ఇళ్లలోనే బసచేస్తారు, ఆ ఇంటివాళ్లే చుక్కలు చూపిస్తారు. చీకటి ఉంటేనే తమకు నాలుగు డబ్బులు వస్తాయని తెలిశాక ఊరే దానికి కాపలాదారు అయింది. ఇన్ని ఎడారి పార్కుల ఏర్పాట్లలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది ఇదే. ఆఫ్రికాలో 2012లో రిజర్వు గుర్తింపు పొందిన నమీబియాలోని నమీబ్‌రాండ్ ఇంతకన్నా చీకటి చోటే కావచ్చు, అయితే అది ప్రైవేటు నేల, చుట్టూ ఊళ్లు లేవు. ఊళ్లు ఉండగా చీకటిని నిలబెట్టడం కష్టమైన విద్య.

హాన్లే వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎత్తుకు వెళ్లేకొద్దీ చుక్కలు ఎక్కువ కనిపిస్తాయని అందరూ అనుకుంటారు. గాలి పలచబడినందుకు లాభం నిజమే. కానీ మసక వెలుతురును పట్టే కంటి కణాలకు ఆక్సిజన్ బాగా కావాలి. అది తగ్గితే ముందుగా దెబ్బతినేది రాత్రిచూపే. విమానం నడిపేవాళ్లకు రాత్రివేళ 5,000 అడుగులు దాటాక ఆక్సిజన్ వాడమని అమెరికా విమానయాన సంస్థ సలహా ఇస్తుంది. హాన్లే పల్లె అంతకు దాదాపు మూడు రెట్ల ఎత్తులో ఉంది. లేహ్‌లో రెండు మూడు రోజులు కుదురుకోకుండా నేరుగా అక్కడికి పరుగెత్తితే తలనొప్పికి తోడు చుక్కలూ తక్కువే కనిపిస్తాయి.

ఎత్తు మాట ఎలా ఉన్నా, కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఎవరికైనా 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ తెర దాన్ని క్షణంలో పాడుచేస్తుంది. దీపం తప్పదనుకుంటే ఎర్రటిది, సన్నటిది వాడాలి. మసక చుక్కను సూటిగా చూస్తే మాయమవుతుంది, ఓరకంట చూస్తే కనిపిస్తుంది. నిజంగా చీకటి ఉన్న చోటికి మొదటిసారి వెళ్లినవాళ్లకు తెలిసిన రాశులు కూడా గుర్తుపట్టలేనంతగా చుక్కలు కమ్ముకుంటాయి. ఆ చోటు నిజంగా చీకటిదో కాదో తేల్చడానికి యంత్రమేమీ అక్కర్లేదు. మబ్బుతునక వచ్చినప్పుడు చూడండి. ఊళ్లో మబ్బు ఆకాశం కన్నా తెల్లగా ఉంటుంది. మంచి ఎడారిలో మబ్బు చుక్కల మధ్య నల్లటి చిల్లులా కనిపిస్తుంది. జాన్ బోర్టల్ 2001లో రాత్రి ఆకాశాన్ని తొమ్మిది తరగతులుగా విభజించి ఇచ్చిన కొలమానంలోనూ ఈ గుర్తు ఉంది.

అక్షాంశం సంగతి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. డెత్ వ్యాలీలో పాలపుంత నడిబొడ్డు ఎంత పైకొచ్చినా దక్షిణ దిక్కున 25 డిగ్రీలు దాటదు. హైదరాబాద్ అక్షాంశం మీద అదే 43 డిగ్రీలు లేస్తుంది. అటకామాలోనైతే నడినెత్తిన నిలుస్తుంది, దానితోపాటు మనకు దొరకని మెగలన్ మేఘాలు అదనం. అగస్త్య నక్షత్రం మన ఊళ్లో చలికాలం దక్షిణాన 20 డిగ్రీల ఎత్తున దర్జాగా కనిపిస్తుంది. డెత్ వ్యాలీలో అది నేల అంచును తాకి పోతుంది, కొండ అడ్డముంటే అదీ లేదు. కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగువాడు ఎంత పెట్రోలు పోసినా ఆ చుక్కను చిన్నప్పటంత ఎత్తున చూడలేడు. మనకు ఉన్న లాభం అక్షాంశం, పోగొట్టుకున్నది చీకటి.

పోగొట్టుకున్న తీరుకు సాక్ష్యం మన దగ్గరే ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల ఒకప్పుడు ప్రపంచ నక్షత్ర పటం తయారీలో పాలుపంచుకుంది. హైదరాబాద్ నగరం పెరిగి, ఆ వేధశాల ఉన్న బేగంపేట ఆకాశం తెల్లబడ్డాక ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల టెలిస్కోప్‌ను జపాల్–రంగాపూర్‌లో పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు. ఇప్పుడు హైదరాబాద్ వెలుగు అక్కడికీ వచ్చేసింది. రాయలసీమలో వాన తక్కువ పడే అనంతపురం వైపు, నల్లమల అంచుల్లో ఇంకా చెప్పుకోదగ్గ చీకటి మిగిలి ఉంది. అవి ఎడారులు కావు, వానాకాలం పనికిరావు, అయినా నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ పాతికేళ్ల కిందటి ఆకాశం దొరుకుతుంది. చుట్టూ నాలుగు పల్లెలను కలుపుకొని హాన్లే పద్ధతిలో ఒక చిన్న రిజర్వు పెట్టడానికి రెండు రాష్ట్రాల అటవీ, పర్యాటక శాఖలకు పెద్ద ఖర్చేమీ కాదు.

ఉపగ్రహాల గురించి ఒక్కమాట. 2019 నుంచి వేల సంఖ్యలో ఎగిరిన స్టార్‌లింక్‌లను ఏ పార్కూ ఆపలేదు. చీకటిపడ్డాక మొదటి గంటల్లో, తెల్లవారుజామున అవి చుక్కల మధ్య పాకుతూ కనిపిస్తాయి. నడిరాత్రి తగ్గుతాయి.

మరి ఎక్కడికి వెళ్లాలి? అమెరికాలో ఉన్నవాళ్లకు బిగ్ బెండ్ గాని, నెవాడాలోని గ్రేట్ బేసిన్ గాని నా మొదటి మాట. డెత్ వ్యాలీకి అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపు మాత్రమే. ఇండియాలో డబ్బు, ఓపిక ఉంటే సెప్టెంబరులో హాన్లే. లేకపోతే చలికాలంలో థార్, సమ్ దాటి లోపలి పల్లెల వైపు. లాంగ్ వీకెండ్‌ను చూసి కాకుండా పంచాంగం చూసి బయల్దేరండి. బహుళ అష్టమి నుంచి శుద్ధ తదియ దాకా సాయంత్రాలు చీకటిగా ఉంటాయి. గది తీసుకునే ముందు హోటల్‌వాళ్లకు ఫోన్ చేసి, ఆరుబయట దీపాలు రాత్రి తొమ్మిదికల్లా ఆర్పుతారా అని అడగండి. కుదరదంటే ఆ కారణమే చెప్పి ఇంకో హోటల్ చూసుకోండి.